నిన్నటి సంగతి అడిగే డాక్టరమ్మ

ఇస్నాపూర్‌లో కౌసల్య దవాఖానకు వచ్చినవాళ్లకు ముందు ఎదురయ్యేది చాంద్ పాషా. సూది వేసేది, కట్టు కట్టేది, వరుస తప్పినవాళ్లను కసిరేది ఆయనే. బయట బెంచీ మీద కొత్త ముఖం కనబడితే చాలు, దగ్గరికి వెళ్లి రహస్యం చెబుతున్నట్టు వంగి, "నొప్పి సంగతి తర్వాత చెప్పొచ్చు భాయ్. నిన్న పొద్దుగాల లేచినకాంచి పండుకునేదాంక ఏమేం చేసినవో యాదికి తెచ్చుకో. మేడమ్ గదే అడుగుతది" అనేవాడు.

"నాకు కడుపు నొస్తుంటే నిన్న ఏం చేసిననో ఎందుకయ్యా?"

"నాకేం ఎరుక? నాకు జరమొస్తే నన్ను గూడ గట్లనే అడిగింది. బేగంబీతోని లడాయి పెట్టుకున్న సంగతి గూడ కక్కాల్సొచ్చింది."

బేగంబీ ఆయన భార్య అని తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ కూడా నవ్వేవారు. అంతలో లోపలినుంచి "పాషా భాయ్, తర్వాత ఎవరు?" అని పిలుపు వచ్చేది.

తొంభైల నాటి మాట ఇది. పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారినప్పుడల్లా ఇస్నాపూర్ రోడ్డు మనుషులతో నిండిపోయేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఒక్కో కిరాయి గదిలో కిక్కిరిసి ఉండేవారు. ఫ్యాక్టరీల ఎస్టేటు వైపునుంచి గాలి తిరిగిన రోజున ఊరంతా ఒక వాసన కమ్మేది. కుళ్లిన వెల్లుల్లిలా ఉందని ఒకరు, కాలిన తోలులా ఉందని ఇంకొకరు అనుకునేవారు. కౌసల్యకు ఆ వాసనకు పోలిక వెతుక్కోవలసిన పని లేదు. అది వాళ్ల నాయిన అంగీ వాసన.

"ఏం పని చేస్తవ్?" అని మాత్రం ఆమె ఎవరినీ అడగదు. ఆ ప్రశ్నకు మనుషులు తమ పరువును జవాబుగా చెబుతారని ఆమెకు తెలుసు. నిన్నటి రోజు గురించి అడిగితే అలా కాదు. పొద్దున పళ్లు తోముకున్న దగ్గర మొదలుపెట్టిన మనిషి, తనకు తెలియకుండానే ఎక్కడో ఒకచోట అసలు సంగతి జారవిడుస్తాడు. ఒకసారి ఒక గదిలో కాపురమున్నవాళ్లకు, తల్లికీ పిల్లలకూ అందరికీ వాంతులు. తిండి పడలేదని మందులు రాసి పంపేసే కేసే. కౌసల్య ఆ ఇల్లాలి నిన్నటి రోజును నిదానంగా వింటూ పోయింది. బోరింగు దగ్గర కొట్లాట అయింది, కిరాయి అడగడానికి వచ్చిన యజమాని అయ్యాడు, మధ్యలో "కొత్త డ్రమ్ము కొన్నం గద, దాంట్ల నీళ్లు నింపుకున్నం" అని వచ్చింది.

"ఎసుంటి డ్రమ్ము?"

"నీలిది. కంపినీలకెళ్లి వస్తయి. అంగట్ల అగ్వ ధరకు అమ్ముతరు."

చాంద్ పాషా సైకిలు మీద వెళ్లి ఆ డ్రమ్మును తెచ్చి, దవాఖాన వెనుక గొడ్డలితో పగలగొట్టాడు. మళ్లీ ఎవరూ ఏరుకుని వాడకుండా. తర్వాత కొన్నాళ్లు కడుపునొప్పితో వచ్చిన ప్రతివాళ్లనూ ఆయనే ముందుగా, "నీలి డ్రమ్మా?" అని గద్దించేవాడు.

ఊరివాళ్లు ఆమెను నిన్నటి డాక్టరమ్మ అని పిలుచుకునేవారు. ఆ అడిగే తీరు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. దవాఖాన వెనుక రెండు గదుల్లో ఆమెతో ఉండే తల్లి నర్సింహమ్మ. కౌసల్య పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో తల్లీ కూతుళ్లే. కానీ ఇద్దరి మధ్యా ఆ మాట ఎప్పుడూ వచ్చేది కాదు.

కౌసల్య తండ్రి లింగం పాశమైలారం రైతు. ఎస్టేటు వచ్చి భూమి పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరి ఇచ్చారు. పసుపురంగు పొడిని ఆరబెట్టి, దంచి, డ్రమ్ముల్లో నింపే చోట వేశారు ఆయనను. ముక్కుకు తువ్వాల చుట్టుకుని పని చేయాలి. పని దిగేటప్పుడు సూపర్‌వైజరు తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. గొంతులో దుమ్ము బెల్లంతో పాటు కడుపులోకి దిగిపోతుందని అందరి నమ్మకం. దుమ్ము సంగతేమో గాని, ఆయన చెమటకు దిండు పసుపెక్కేది. నర్సింహమ్మ గలీబును ఎంత ఉతికినా ఆ మరక వదిలేది కాదు.

లింగం పొద్దున్నే ధోవతి కట్టి, తువ్వాల భుజాన వేసి, చేతికర్రతో బయలుదేరేవాడు. చూసినవాళ్లు పొలానికి పోతున్నాడనే అనుకోవాలి. గేటు లోపలికి వెళ్లాకే కంపెనీ బట్టలు తొడుక్కునేవాడు. పనిదిగాక మళ్లీ ధోవతి, మళ్లీ కర్ర. ఎడ్లను అమ్మి, నాగలి అటకెక్కించి ఏళ్లు గడిచినా, ఎవరైనా ఏం చేస్తున్నావంటే "ఎవుసం" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

ఎనభైల మధ్యలో ఆయనకు దగ్గు పట్టుకుంది. కౌసల్య అప్పటికి పట్నంలో హాస్టల్లో ఉండి డాక్టరు చదువుతోంది. పరీక్షల్లో ఉన్న పిల్లను పరేషాన్ చేయడం దేనికని, భార్యాభర్తలిద్దరే టౌనులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఎక్స్‌రే తీయించి టీబీ అన్నాడు. మందులు ఇచ్చాడు. లింగం తగ్గకపోగా కట్టెలా అయిపోయాడు. కౌసల్య సెలవులకు వచ్చేసరికి మంచంలో దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టు ఉంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. చివర్లో గొంతు సవరించుకుని, అడిగినా అడగకపోయినా, "ఏం లేదు" అనేవాడు. ఆ "ఏం లేదు" అంటూనే పోయాడు.

దినాలు అయ్యాక ఆమె తల్లిని అడిగింది, "డాక్టరుకు పౌడరు సంగతి చెప్పిన్రా?"

"పౌడరు సంగతి గాయనకెందుకు? ఏం పని జేస్తవన్నడు. మీ నాయిన ఎవుసమన్నడు. నేను గూడ గదే అన్న."

ఆ రోజునుంచి ఆమె దృష్టిలో తండ్రిని చంపినవి రెండు: ఆ పసుపు పొడి, ఆ ఒక్క మాట. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకున్న మనిషికి టీబీ అని పేరు పెట్టారనీ, ఎవరూ సరిగ్గా అడగకపోవడం వల్లే అలా జరిగిందనీ గట్టిగా నమ్మింది. చదువు పూర్తయ్యాక పట్నంలో పెద్ద దవాఖానలో చేరే వీలున్నా ఇస్నాపూర్ వచ్చి బోర్డు పెట్టింది. ఇన్నేళ్లలో ఎన్ని దగ్గులు విన్నదో. ఇప్పటికీ బెంచీ మీదనుంచి ఒక రకం దగ్గు వినిపిస్తే రాస్తున్న పెన్ను ఆగిపోయేది. చివర్లో గొంతు సవరించుకునే చప్పుడు కోసం చెవి ఎదురుచూసేది. అది రాకపోతే మళ్లీ రాసుకునేది.

ఒక కార్తీక మాసంలో, పొద్దున పూట, ఆ చప్పుడు వచ్చింది.

దగ్గు, గొంతు సవరింపు, తర్వాత మెల్లగా, "ఏం లేదు."

కౌసల్య లేచి గుమ్మం దాకా వచ్చింది. బెంచీ చివర ఒక మనిషి. ధోవతి, భుజాన తువ్వాల, మోకాళ్ల మధ్య చేతికర్ర. పక్కన భార్య. ఎస్టేటుకు ఆవలి ఊరివాళ్లు. ఆయన పేరు మొగులయ్య, ఆమె సోమమ్మ. వరుసలో వాళ్ల ముందు ఇంకా జనం ఉన్నా, కౌసల్య ఆయనను లోపలికి పిలిచింది. చాంద్ పాషా ఏదో అనబోయి ఆమె ముఖం చూసి తెర పక్కకు తీశాడు.

మొగులయ్య స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "నిన్నటి సంగతి చెప్పాలంటగా అమ్మా. గా సాయిబు చెప్పిండు. యాడికెళ్లి షురూ చెయ్యాలె?"

కౌసల్య అది విన్నట్టు లేదు. ఇన్నేళ్లుగా ఎవరినీ అడగని ప్రశ్న ఆమె నోట్లోంచి వచ్చింది. "ఏం పని చేస్తవ్?"

"ఎవుసమే అమ్మా."

ఆయన మెడ కొంచెం నిటారుగా అయింది.

"కంపినీకి పోతవా, పోవా?"

"పోత. భూమి తీసుకోని ఇచ్చిన నౌకరి గద. గాని నేను అండ్ల..."

"తెల్సు," అంది కౌసల్య. "నువ్వేం చెప్పకు మొగులన్నా. నాకు మొత్తం తెల్సు."

మొగులయ్య భార్య వైపు చూశాడు. చదువుకున్న బిడ్డ, తెలుసంటోంది కాబట్టి తెలిసే ఉంటుంది అనుకున్నట్టు తలాడించాడు.

ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తుల పైభాగాన మబ్బుల్లాంటి మచ్చలు ఉన్నాయి. దుమ్ముకు కూడా అలాంటి మచ్చలు వస్తాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నంతసేపూ ఆమెకు కనిపించింది పసుపు పొడే. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భయంభయంగా అడిగింది: "టీబీ గిట కాదు గద అమ్మా?"

"కాదు!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే చాంద్ పాషా తెర తొలగించి తొంగిచూశాడు. కౌసల్య గొంతు తగ్గించింది. "దుమ్ము పట్టింది. దగ్గినోళ్లందరికీ టీబీ అంటరు. గట్లనే అని మా ఇంట్ల మనిషిని చంపిన్రు. మీ ఇంట్ల గట్ల కానియ్య. గాని మొగులన్న నౌకరి ఇడిసిపెట్టాలె."

మొగులయ్య చేతికర్రను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "భూమి పోయిందంటే గీ నౌకరి ఉండె. గిది గూడ పోతే నేనేం మనిషిని అమ్మా?"

కౌసల్య ఆయాసానికి మాత్రలు, దగ్గుకు మందు రాసింది. ఈ మనిషిని మాత్రం పోనివ్వకూడదని ఆ రోజే నిశ్చయించుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పనవసరం లేకుండానే అందరికీ తెలిసిపోయింది.

ఎందుకంటే ఆ తర్వాత ఆమె తీరే మారిపోయింది. మొగులయ్య రాకపోతే కబురు పెట్టేది. కబురుకీ రాకపోతే దవాఖాన మూసి ఆటోలో వాళ్ల ఊరు వెళ్లేది. వాకిట్లో నిలబడి అందరూ వినేలా తిట్టేది. డాక్టరమ్మ ఆటో కనబడగానే మొగులయ్య గడ్డివామి వెనక్కి పోయి కూర్చునేవాడు. దగ్గు పట్టించేది. "యాడ దాసుకున్నా నీ దగ్గే నిన్ను పట్టిస్తది, రా ఇవతలికి" అని సోమమ్మ నవ్వేది. నవ్వుతూనే కళ్లు తుడుచుకునేది. ఆయన రోజురోజుకూ సన్నబడుతున్నాడు. కౌసల్య మాత్రలు మార్చింది, పాలు తాగమంది, గుడ్లు తినమంది. నౌకరి మానేయమని బతిమాలింది. నౌకరి మానలేదు గనుకే తగ్గడం లేదని ఆమెకు ప్రతిసారీ రుజువవుతూ వచ్చింది.

ఒకరోజు స్టెతస్కోపు వీపు మీద పెట్టి, "గాలి గట్టిగ గుంజు, నాయినా" అంది. అన్న తర్వాత ఆగిపోయింది. మొగులయ్య గాలి పీల్చాడు. లోపల ఎక్కడో తడి కాగితం చిరిగినట్టు చప్పుడయింది.

ఇంకోరోజు నర్సింహమ్మ వాకిట్లోకి వస్తూ బెంచీ మీద ఆయనను చూసింది. ధోవతి, తువ్వాల, కర్ర. వంగిన వీపు. ఆమె అక్కడే నిలబడిపోయింది. మొగులయ్య తల తిప్పి, "ఏం పెద్దమ్మా, బాగున్నవా?" అన్నాడు. నర్సింహమ్మ వెనక్కి వెళ్లి గది తలుపు వేసుకుంది. ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని కూతురు అడగలేదు. అడిగితే నాయిన మాట వస్తుంది. నాయిన మాట వస్తే ఆ "గదే అన్న" అన్న మాట వస్తుంది.

శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం సోమమ్మ ఒక్కతే వచ్చింది. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. బెంచీ మీద ఇంకెవరూ లేరు. చాంద్ పాషా సూదులు మరగబెడుతున్నాడు.

"చెప్పు సోమమ్మా, నిన్న ఏం చేసినవ్?" అలవాటుగా అడిగింది కౌసల్య.

"ఏం చేస్తనమ్మా, రోజు చేసేదే. లేవంగనే ఆయన బొంత ఉతికిన. గా బొంత పిండి పిండే చేతులు గిట్లయినయ్."

"రోజు ఉతుకుతవా బొంత?"

"ఉతకకపోతే ఎట్ల? తెల్లారేసరికి నీళ్ల ముంచి తీసినట్టు ఉంటది. మస్తు చెమట. పొద్దుమీకితే ఒళ్లు కాలుతది, తెల్లారంగ చెమటలు గక్కి సల్లబడతది. సంక్రాంతి పండుగ కాడికెళ్లి గిట్లనే." సోమమ్మ చేతులు రుద్దుకుంటూ చెప్పుకుపోతోంది. "ఇగ రొట్టెలు చేసిన. సద్ది కట్టుకోని కంపినీ కాడికి పోయిన. ఆయన గులాబీ చెట్ల కాడ కూసోని ఉన్నడు, పాణం చాతగాక. పైపు నేనే పట్టిన జెరసేపు..."

"గులాబీ చెట్లేంది?"

"తోట చెట్లు. ఆఫీసు ముంగట."

"ఆయన పని పౌడరు కాడ గద?"

సోమమ్మకు అర్థం కాలేదు. "పౌడరా? గా లోపటికి ఆయనను ఎన్నడు పోనిచ్చిన్రమ్మా? సదువు లేదు, భూమి ఇచ్చిన పెద్దమనిషి అని మొదటి రోజుకెళ్లి మాలి పనే. గడ్డి కోస్తడు, చెట్లకు నీళ్లు పడతడు. గోడ మూలకు ఎవ్వల్ల కంట పడకుంట తోటకూర, మిరప పెట్టిండు. మన భూమిలనే ఎవుసం చేస్తున్న అని నవ్వుకుంట చెప్తడు అందరికి."

కౌసల్య పెన్ను కింద పెట్టింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పబోయిండు గద అమ్మా, మొదటి రోజే. నాకు తెల్సు, నువ్వు చెప్పకు అంటివి." సోమమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. వాస్తవం చెప్పినట్టు చెప్పింది. "మా ఇంటాయన అండ్ల పని చేస్తలేడని నేనన్న. నువ్వు ఊకో, డాక్టరమ్మకు మనకంటె ఎక్కువ తెల్సు అన్నడు."

ఊళ్లో ప్రతి మనిషి నిన్నటి రోజునూ అడిగి తెలుసుకుంది కౌసల్య. ఈ ఒక్క మనిషిని అడగలేదు. లింగం నిన్నలన్నీ తీసుకువచ్చి ఈయనకు తొడిగింది. ఇప్పుడు అడగవలసినవన్నీ ఒక్కొక్కటిగా అడిగింది.

"తెమడల ఎప్పుడన్న ఎర్రగ పడ్డదా?"

సోమమ్మ తల వంచుకుంది. "రెండు మూడుసార్లు సూసిన. పాన్ తిన్న అన్నడు. ఆయన పాన్ తినడు."

"పాషా భాయ్, దవాఖాన బంజెయ్యి," అంది కౌసల్య.

ముగ్గురూ కలిసి కంపెనీ గేటు దగ్గరికి వెళ్లి మొగులయ్యను ఆటోలో ఎక్కించుకున్నారు. ఆయన చేతులకు ఇంకా తడిమట్టి ఉంది. నేరుగా సంగారెడ్డి పెద్ద దవాఖానకు పోయారు. తెమడ పరీక్ష చేయించడానికి ఆ పూట ఒకసారి, తెల్లారి ఇంకోసారి తిరగవలసివచ్చింది. కౌసల్య రెండుసార్లూ వెంట ఉంది. డాక్టరునని చెప్పి ముందుకు పోకుండా, అందరితో పాటు వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. టీబీ అని తేలింది. బాగా ముదిరింది గాని మందులకు లొంగుతుందని అక్కడి డాక్టరు అన్నాడు. ఇంకొంత ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్నని కూడా అన్నాడు.

ఆ సంగతి చెప్పడానికి ఆమె వరండాలోకి వచ్చేసరికి మొగులయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"టీబీ ఉన్నదన్నా. మందులు వాడితే తగ్గుతది."

"గంతేనా? ఇగ నౌకరి ఇడిసిపెట్టే పని లేదు గద?"

"లేదు."

ఆయన ముఖం చూస్తుండగానే తేటపడింది. దగ్గుతూనే నవ్వాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్తే గడ్డివామి ఎనుక గన్నిసార్లు కూసునేటోన్ని కాదు గద అమ్మా. పాములుంటయి అండ్ల."

"నాదే తప్పు మొగులన్నా. నీ మాట ఇనలే."

"ఊకో అమ్మా. నా కోసం మా ఊరొచ్చి గంత ప్రేమగ ఎవరు తిట్టిన్రు? మా యమ్మ తర్వాత నువ్వే."

తన తప్పు మీద ఆయన అంత తేలికగా చేయి వేసి తుడిచేయడం ఆమెకు తట్టుకోవడం కష్టమైంది.

ఇంటికి వచ్చేసరికి నర్సింహమ్మ చాప మీద చింతపండు గింజలు తీస్తోంది. కౌసల్య చెప్పులు విప్పి గడప మీద కూలబడింది. ఎన్నో ఏళ్లుగా తల్లికి దవాఖాన సంగతులు చెప్పడం మానుకున్న మనిషి, ఆ పొద్దు అంతా చెప్పింది. మొగులయ్య సంగతి, గులాబీల సంగతి, నాయినే వచ్చి కూర్చున్నాడనుకుని మనిషిని చేతులారా చంపబోయిన సంగతి. నర్సింహమ్మ గింజలు తీస్తూనే వింది.

"గోళీలు ఇచ్చిన్రా ఆయనకు? ఎర్రయి?" అని అడిగింది చివరికి.

"ఇచ్చిన్రు."

"మింగుతడా?"

"ఎందుకు మింగడమ్మా?"

నర్సింహమ్మ చేతులు ఆగిపోయాయి. "మీ నాయిన మింగలే."

కౌసల్య తల్లి వైపు తిరిగింది.

"మొదట్ల కొన్నొద్దులు మింగిండు. గవి మింగితే ఒంటికి పోతె ఎర్రగ వస్తది గద. పౌడరు కాడ గట్ల ఎర్రగ పోసెటోళ్లను సూసి నెత్తురు పోతుందని పనిల నుంచి తీసేస్తుండిరి. మీ నాయిన బెదిరిండు. నౌకరి పోతె బిడ్డ సదువు ఆగుతదన్నడు. రోజు నా ముంగటనే నోట్లె ఏసుకుంటుండె, బయటికి పోయి ఊంచుతుండె. నేను సూసిన. ఎర్రగ కొట్టం గోడ పొంటి పడి ఉంటుండె, బంతిపూల రెక్కల తీరు. మట్టి కప్పిన."

"నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నొద్దులు?"

"నువ్వు పౌడరు అంటివి. డాక్టరు తప్పు చేసిండంటివి. గట్లనే ఉండనీ అనుకున్న. గట్లుంటే నా తప్పు లేకపోతుండె."

ఆ మాట చెప్పిన గొంతు ముసలిదానిదిలా లేదు. భర్త పోయిననాటి వయసులోనే ఆగిపోయిన గొంతు అది. అప్పుడు ఆమె అడిగింది, ఇన్నేళ్లూ అడగడానికి భయపడిన ప్రశ్న. "మింగితె బతికేటోడా బిడ్డా?"

కౌసల్య జవాబు కోసం తనకున్న చదువంతా వెతికింది. ఆ ఎక్స్‌రే లేదు. ఆ మనిషి లేడు. దుమ్ము ఉండింది, అది నిజం. ఉతికినా పోని గలీబు మరక నిజం. టీబీ కూడా ఉండే ఉండవచ్చు. రెండూ కలిసే ఆయనను తినేసి ఉండవచ్చు. ఆ టౌను డాక్టరు సరిగ్గానే చెప్పి ఉండవచ్చు. ఇన్నేళ్లుగా తన చెవిలో పడుతూ వచ్చిన ఆ దగ్గు ఏ దగ్గో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

"తెల్వదమ్మా."

"డాక్టరువు గద, నీకు తెల్వదా?"

"తెల్వదు."

నర్సింహమ్మ తల ఊపింది. తల్లి పక్కన చాప మీద కూర్చుని కౌసల్య కూడా గింజలు తీయసాగింది. చాలాకాలం తర్వాత ఇద్దరూ ఒక పని మీద అంత దగ్గరగా కూర్చున్నారు. ఆ రోజు వాళ్లు లింగం గురించి చాలా మాట్లాడుకున్నారు. ఆయన ఎడ్ల పేర్లు, ఆయన తిట్లు, జ్వరంలో ఆయన పలవరించిన పొలం గట్లు. ఒకరు చెబుతూ ఉంటే ఇంకొకరు అడ్డు రాకుండా విన్నారు.

మొగులయ్య మందులు ఇంట్లో పెట్టుకోవద్దని కౌసల్య చెప్పింది. పనికి పోయే ముందు పరగడుపున దవాఖానకు వచ్చి, తన కళ్ల ముందే మింగాలి. ఒంటికి ఎర్రగా వస్తుందనీ, అది నెత్తురు కాదు, మందు రంగు అనీ ముందే చెప్పింది. ఎవరైనా అడిగితే తన పేరు చెప్పమంది. "ఎవరడుగుతరమ్మా, గులాబీల మాటుకు పోత. ఇంక జెర రంగొస్తయి" అన్నాడాయన. చాంద్ పాషా తెర వెనుక పగలబడి నవ్వాడు. సోమమ్మ తెమడ కూడా పరీక్షకు పోయింది. ఆమెకు ఏమీ లేదని తేలింది. అప్పటినుంచి బెంచీ మీద దగ్గేవాళ్లు ఎవరైనా సరే, దుమ్ములో పనిచేసినా చేయకపోయినా, తెమడ పరీక్షకు పోవలసిందే.

పొద్దున్నే దవాఖాన తలుపులు తీసేసరికి మొగులయ్య వచ్చి కూర్చునేవాడు. మొదటి రోజు కౌసల్య మాత్రలు చేతిలో పోసి నీళ్ల కోసం లోపలికి తిరిగింది. అప్పటికే గుమ్మంలో నర్సింహమ్మ ఉంది. చేతిలో చెంబు. ఆమె ఆ వాకిట్లోకి రావడం మానేసి చాలా రోజులైంది.

"పెద్దమ్మా, నీకెందుకు తకలీబు? నేనే ముంచుకోని తాగుత."

"కూసో," అంది నర్సింహమ్మ.

ఆయన ఎర్ర మాత్ర నోట్లో వేసుకున్నాడు. ఆమె చెంబు అందించింది. ఆయన తాగాడు. ఆమె కదలలేదు.

"నోరు తెరువు."

"గదేందే పెద్దమ్మా, నేనేమన్న సంటిపోరగాన్నా?"

"తెరువు కొడుకా. నాలిక ఎత్తు."

మొగులయ్య కౌసల్య వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, మళ్లీ వేళాకోళం ఆడలేదు. కర్ర పక్కన పెట్టి, వెలుతురు వైపు తిరిగి నోరు పెద్దగా తెరిచాడు. నర్సింహమ్మ వంగి, అటు చూసి ఇటు చూసి, నాలుక కింద చూసి, చెంప లోపల చూసి, ఇంకా చూస్తూనే ఉంది. రోడ్డు మీద షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. ఆమె నిటారుగా నిలబడి, అరచేత్తో ఆయన గదవ పైకెత్తి నోరు మూసింది.

"పో ఇగ. బస్సు పోతది."